రెండు నిమిషాల వీడియో – మన తెలుగుకు ఒక గురువు

మనలో చాలామంది మూడు, నాలుగేళ్లకొకసారి ఊరు మారేవాళ్లమే. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. టి.సి. తీసుకుని కొత్త బడిలో చేరతాం. లెక్కలకు, సైన్సుకు దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. జోధ్‌పూర్‌లో సగంలో ఆపిన పాఠాన్ని కొచ్చిలో అదే పుస్తకంలో, అదే పేజీ నుంచి మొదలుపెట్టవచ్చు. తెలుగు సంగతి అలా కాదు. ఒక ఊళ్లో తెలుగు చెప్పే టీచరు ఉంటారు, ఇంకో ఊళ్లో ఉండరు. ఒక కాలనీలో పక్కింటివాళ్లు తెలుగువాళ్లే కావచ్చు, ఇంకో కాలనీలో మన ఇల్లొక్కటే తెలుగిల్లు కావచ్చు.

ఇంట్లో మనం తెలుగే మాట్లాడతాం. కాని అది ‘అన్నం పెట్టు’, ‘ఛార్జర్ ఎక్కడుంది’, ‘ఇంకో ఐదు నిమిషాలు పడుకుంటా’ అన్నంతవరకే. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు మనం ‘తెలుగు’ను ‘తేలుగు’ అంటే పిన్ని పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అయినా ఆ తర్వాత మనలో కొందరం మాట్లాడడం తగ్గించేస్తాం. అడిగినదానికి తల ఊపుతాం, లేకపోతే హిందీలో జవాబు చెబుతాం. తాతయ్య ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి అమ్మ చేతికి ఇచ్చేస్తాం. భాష దూరం కావడం ఇలాగే మొదలవుతుంది.

దిద్దేవారు పక్కన లేనప్పుడు మన మాటను మనమే దిద్దుకునే మార్గం ఒకటి ఉంది. రెండు నిమిషాలు మాట్లాడి, వీడియో తీసుకుని, దాన్ని సరైన పద్ధతిలో చూడడం. ఆ పద్ధతి ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కన్ను పట్టుకోలేనిది కెమెరా పట్టుకుంటుంది

గుర్రం పరుగెత్తేటప్పుడు దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదిలి గాలిలో ఉంటాయా? ఎందరు ఎన్నిసార్లు చూసినా మామూలు కంటితో ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరుగుబాట పక్కన 12 కెమెరాలు వరుసగా పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. ఒక క్షణంలో నాలుగు కాళ్లూ గాలిలోనే ఉన్నాయని ఆ ఫోటోలు చూపించాయి. చిత్రకారులు వేసే బొమ్మల్లో ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కు చాచి ఉండేవి. నిజానికి గుర్రం గాలిలో ఉండే ఆ క్షణంలో దాని కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి.

ఇదే ఆలోచన 1960లలో ఉపాధ్యాయుల శిక్షణలోకి వచ్చింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందే ఉపాధ్యాయులు కొద్దిమంది విద్యార్థులకు చిన్న పాఠం చెప్పేవారు. దాన్ని వీడియో తీసేవారు. ఆ వీడియో చూసుకుని, లోపాలు గుర్తించి, అదే పాఠాన్ని మళ్లీ చెప్పేవారు. దీన్ని మైక్రోటీచింగ్ అంటారు. మన టీచర్లను అడిగి చూద్దాం. బి.ఎడ్. చదివేటప్పుడు మైక్రోటీచింగ్ చేశామని చాలామంది చెబుతారు.

ఇందులో మనం గమనించవలసింది వరుస. చేయడం, చూడడం, ఒక లోపం గుర్తించడం, మళ్లీ చేయడం – ఇదీ క్రమం. వీడియో తీసి ఫోన్‌లో వదిలేస్తే అది జ్ఞాపకంగా మిగులుతుంది గాని సాధన కాదు.

‘ఇది నా గొంతు కాదు’ అనిపిస్తుంది, ఎందుకు?

మొదటిసారి మన గొంతు వీడియోలో విన్నప్పుడు ‘నేనిలా మాట్లాడతానా?’ అనుకుంటాం. దీనికి కారణం సైన్సులోనే ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలి ద్వారా చెవికి చేరే దారి. రెండోది తల ఎముకల ద్వారా లోపలి చెవికి చేరే దారి. ఎముకలు మంద్రమైన ధ్వనులను బాగా మోస్తాయి. అందుకే మన గొంతు మనకు కాస్త గంభీరంగా వినిపిస్తుంది. వీడియోలో గాలి ద్వారా వచ్చిన ధ్వని ఒక్కటే ఉంటుంది, అందువల్ల పలచగా, కొత్తగా అనిపిస్తుంది. మిగతావాళ్లు ఎప్పుడూ వినేది ఆ గొంతునే. వాళ్లకు అందులో వింతేమీ లేదు.

ముఖం విషయమూ అంతే. రోజూ అద్దంలో చూసే ముఖంలో కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి. వీడియోలో ఎదుటివారికి కనిపించినట్టు కనిపిస్తాం. పాపిడి ఇంకో పక్కకు జరిగినట్టు, ముఖం ఏదో మారినట్టు అనిపించడం సహజం. అందుకని మొదటిసారి వీడియో చూసేటప్పుడు ఏ లోపమూ వెతకవద్దు. అలవాటు పడడానికి మాత్రమే చూద్దాం.

తీసే ముందు

ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక ఫోన్ తీసుకుంటే చాలు.

ఫోన్‌ను నాలుగైదు పుస్తకాల దొంతరమీద, మన కళ్ల ఎత్తున, జారిపోకుండా నిలబెడదాం. నాలుగైదు అడుగుల దూరంలో నిలబడదాం. తల నుంచి నడుము వరకు కనిపిస్తే చేతుల కదలిక కూడా తెలుస్తుంది. కిటికీ వెలుగు మన ముఖం మీద పడాలి, వీపు వెనక ఉండకూడదు. వెనక ఉంటే ముఖం నల్లని నీడలా వస్తుంది. ముందు కెమెరా కాకుండా వెనక కెమెరా వాడడం మంచిది. ముందు కెమెరా అయితే మాట్లాడుతూనే మన బొమ్మను మనం చూసుకుంటూ ఉంటాం. ఫ్యాన్ ఆ రెండు నిమిషాలు ఆపుదాం. కుక్కర్ విజిల్స్ అయ్యాక మొదలుపెడదాం. మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్ పెడదాం.

మాట్లాడడానికి ఒక చిన్న పేరా కావాలి. ప్రార్థనా సమావేశంలో చెప్పడానికి పనికొచ్చేలా ఒకటి కింద ఇస్తున్నాం. మనలాంటి పిల్లలకు ఇబ్బంది కలిగించే ధ్వనులన్నీ ఇందులో ఉన్నాయి.

సాధన పేరా

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. అక్కడి కొండల్లో ఉండే సవరల భాష ఆయనకు మొదట్లో రాదు. వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పుస్తకాల తెలుగు ఒకటి, నోటి తెలుగు ఇంకొకటి కాకూడదని వాదించారు. పిల్లలు తాము మాట్లాడే భాషలోనే చదువుకోవాలని ఆయన కోరిక. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఈ రోజు మనం చదివే పత్రికలు, కథలు ఎక్కువగా వ్యావహారిక భాషలోనే ఉన్నాయి. అందుకే ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

తెలుగు లిపి ఇంకా రానివాళ్లు ఈ పేరాను అమ్మచేతనో నాన్నచేతనో చదివించుకుని, విని, మాట్లాడవచ్చు. లిపి రాలేదని సాధన ఆపనక్కరలేదు.

నాలుగుసార్లు చూడాలి

మొదటిసారి – ముందే చెప్పుకున్నట్టు ఊరికే చూద్దాం.

రెండోసారి – ధ్వని పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రమే చూద్దాం. మాట వినిపించకపోతే శరీరం ఏం చేస్తోందో స్పష్టంగా తెలుస్తుంది. కళ్లు ఎటు చూస్తున్నాయి, పైకప్పు వైపా, నేల వైపా? చేతులు చొక్కా అంచు నలుపుతున్నాయా? ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతున్నామా?

మూడోసారి – ఫోన్ బోర్లా పెట్టి ధ్వని మాత్రమే విందాం. వేగం ఎలా ఉంది? ఊపిరి తీసుకోవడానికి వాక్యం చివర ఆగుతున్నామా, పదం మధ్యలో ఆగుతున్నామా? సొంతంగా మాట్లాడినప్పుడు ‘అంటే’, ‘మరి’, ‘మత్లబ్’ ఎన్నిసార్లు వచ్చాయి? వేళ్లమీద లెక్కపెడదాం.

నాలుగోసారి – పేరాను ముందు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, పదం పదం విందాం. తడబడ్డ పదం కింద గీత గీద్దాం. పక్కన వీడియోలోని సమయం రాసుకుందాం. ఉదాహరణకు ‘0:14 – కొండల్లో’ అని రాసుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

చెవి పెట్టి వినవలసిన ఆరు చోట్లు

1. పొట్టి ‘ఎ’, పొట్టి ‘ఒ’. హిందీ మాటల్లో ‘ఏ’, ‘ఓ’లకు తెలుగులోలాగా పొట్టి, పొడుగు జంట లేదు. అందుకే హిందీ ఎక్కువగా మాట్లాడే మన నోట్లో ‘తెలుగు’ ‘తేలుగు’ అవుతుంది. తెలుగులో ఈ తేడా వల్ల అర్థమే మారిపోతుంది. నెల అంటే ముప్పై రోజులు, నేల అంటే కాళ్ల కింది భూమి. వెల అంటే ధర, వేల అంటే వెయ్యికి బహువచనం. అమ్మ ఒడి వేరు, ఆటలో ఓడి రావడం వేరు.

2. రెండు రకాల ‘చ’, రెండు రకాల ‘జ’. చాలు, చలి, చుక్క, చదువు – వీటిలో ‘చ’ పలికేటప్పుడు నాలుక కొన పళ్ల దగ్గరికి వస్తుంది. చిన్న, చెట్టు, చేప – వీటిలో నాలుక అంగిలి వైపు వెళ్తుంది. జడ, జొన్న ఒక రకం, జిల్లా, జెండా ఇంకో రకం. అచ్చ తెలుగు మాటల్లో ‘చ’, ‘జ’ల తర్వాత అ, ఉ, ఒ లు, వాటి దీర్ఘాలు వస్తే పళ్ల దగ్గర, ఇ, ఎ లు, వాటి దీర్ఘాలు వస్తే అంగిలి దగ్గర పలుకుతాం. చంద్రుడు, జలం వంటి సంస్కృత పదాల్లో మాత్రం అంగిలి దగ్గరే.

3. ‘ళ’, ‘ణ’. శ్రీకాకుళం, వాళ్లు, వ్యాకరణం, వీణ – నాలుక వెనక్కి మడవాలి. నిద్రలో వచ్చేది కల, నేర్చుకునేది కళ.

4. ఒత్తి పలకవలసిన జంట హల్లులు. గుడికి వెళ్లడం వేరు, గుడ్డిగా వెళ్లడం వేరు. చదరంగం పలకలో ఉండేది గడి, ఆవు మేసేది గడ్డి. ‘తగ్గలేదు’లో ‘గ్గ’ దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగుతోందా లేదా వినాలి.

5. పదం చివరి అచ్చు. హిందీలో ‘పుస్తక్’, తెలుగులో ‘పుస్తకం’. హిందీలో చాలా పదాలు హల్లుతో ముగుస్తాయి, తెలుగులో ఎక్కువ పదాలు అచ్చుతో గాని ‘అం’తో గాని ముగుస్తాయి. తొందరలో ఆ చివరి ‘ఉ’, ‘ఇ’ మింగేస్తే మాట తెగిపోయినట్టు ఉంటుంది.

6. వాక్యం చివరి క్రియ. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తెలుగులో అసలు విషయం చాలాసార్లు వాక్యం చివరే ఉంటుంది. ‘పండితులు ఒప్పుకున్నారు’, ‘పండితులు ఒప్పుకోలేదు’ – చివరి ముక్క వినిపించకపోతే అర్థం తలకిందులవుతుంది. చాలామందికి వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు తగ్గిపోతుంది. దాంతో ‘వస్తాను’ అన్నామో ‘రాను’ అన్నామో వెనక వరుసవాళ్లకు తెలియదు. ఫోన్‌ను కాస్త దూరంగా, గది రెండో చివర పెట్టి ఇంకోసారి తీస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

బెంగాల్‌లో పెరిగినవాళ్లకు ‘అ’ కాస్త ‘ఒ’ వైపు, ‘వ’ కాస్త ‘బ’ వైపు జారవచ్చు. మనం పెరిగిన ఊరి భాష ఏదైతే దాని జాడ మన తెలుగులో ఉంటుంది. అది ఏమిటో కనిపెట్టడం ఆటలా చేద్దాం.

ఏది లోపం, ఏది యాస?

ఇక్కడొక జాగ్రత్త అవసరం. కోస్తాలో ‘ఏం చేస్తున్నావు’ అంటారు, తెలంగాణలో ‘ఏం చేస్తున్నవ్’ అంటారు, రాయలసీమలో ‘ఏం చేస్తాండావు’ అంటారు. ఇవి లోపాలు కావు, యాసలు. మన అమ్మమ్మ, నాన్నమ్మ మాట్లాడే తీరును వీడియో చూసి చెరిపేసుకోవద్దు. ‘నెల’ను ‘నేల’ అనడం దిద్దుకోవాలి. నాన్నమ్మ యాస నిలుపుకోవాలి. సందేహం వస్తే ‘మన ఊళ్లో ఇలాగే అంటారా?’ అని ఇంట్లో అడుగుదాం.

సభలో పలికే తీరు ఎలా ఉంటుందో వినాలంటే ఆకాశవాణి తెలుగు వార్తలు మంచి నమూనా. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఛానళ్లలో కూడా తెలుగు కార్యక్రమాలు వస్తాయి. రెండు నిమిషాలు విని, వెంటనే మన వీడియో వింటే తేడా తెలుస్తుంది.

ఏడు రోజుల సాధన

మొదటి రోజు: పేరాను రెండుసార్లు చదువుకుని వీడియో తీద్దాం. ఎలా వచ్చినా సరే, దీన్ని దాచిపెడదాం.

రెండో రోజు: నాలుగుసార్లు చూసి, బాగున్నవి రెండు, దిద్దుకోవలసింది ఒకటి రాద్దాం. పది లోపాలు కనిపించినా ఒక్కటే ఎంచుకుందాం. అన్నీ ఒకేసారి దిద్దబోతే నోరు కట్టేసినట్టవుతుంది.

మూడో రోజు: కెమెరా లేకుండా ఆ ఒక్కదాన్నే సాధన చేద్దాం. పొట్టి ‘ఎ’ అయితే ‘నెల–నేల, వెల–వేల’ అని పదిసార్లు నెమ్మదిగా అందాం.

నాలుగో రోజు: మళ్లీ వీడియో. ఈసారి ఆ ఒక్క విషయమే చూద్దాం. లెక్క కూడా రాద్దాం. పేరాలో ‘తెలుగు’ మూడుసార్లు ఉంది. మొదటి రోజు మూడింటిలో ఒక్కటే సరిగా పలికి, ఇప్పుడు రెండు సరిగా పలికితే అది స్పష్టమైన మెరుగుదల.

ఐదో రోజు: రెండో లోపం ఎంచుకుని సాధన చేద్దాం.

ఆరో రోజు: కాగితం చూడకుండా, అదే విషయం సొంత మాటల్లో చెబుదాం. మనం నిజంగా మాట్లాడే తెలుగు ఇక్కడే బయటపడుతుంది.

ఏడో రోజు: మొదటి రోజులాగే మొత్తం పేరా చెప్పి వీడియో తీద్దాం. మొదటి వీడియో, చివరి వీడియో వెంటవెంటనే చూద్దాం. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపించకపోవచ్చు, ఏడు రోజులకు కనిపిస్తుంది. కనిపించకపోతే మనం ఎంచుకున్న లోపం పెద్దదన్నమాట. దాన్ని ఇంకో వారం కొనసాగిద్దాం.

ఆటలకూ, నాట్యానికీ ఇదే దారి

క్రమం అదే, కెమెరా పెట్టే చోటు మారుతుంది. పరుగుకు, బౌలింగ్‌కు, యోగాసనాలకు పక్కనుంచి తీస్తే మోకాలి వంపు, వెన్ను నిటారు తెలుస్తాయి. కూచిపూడికి ఎదురుగా, పాదాలు కూడా కనిపించేలా తీయాలి. మామూలు వీడియోలో సెకనుకు సాధారణంగా 30 బొమ్మలు ఉంటాయి. బంతి చేతినుంచి వదిలే క్షణం వంటివి అందులో చెదిరిపోతాయి. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే 120 గాని 240 గాని బొమ్మలు దొరుకుతాయి. మాటకు మాత్రం స్లో మోషన్ అక్కరలేదు.

మరవకూడని నియమాలు

బడికి ఫోన్ తేవద్దన్న నియమం ఉంటే తేవద్దు. ఇంట్లోనే సాధన చేద్దాం. ఇతరులను వారి అనుమతి లేకుండా తీయవద్దు. రక్షణ శాఖ క్వార్టర్స్‌లోనో, మరే నిషేధిత ప్రాంతంలోనో ఉండేవాళ్లం ఆరుబయట వీడియో తీసేముందు ఇంట్లో తప్పక అడగాలి. సాధన వీడియోలను సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దు. అవి దిద్దుకోవడానికి తీసినవి, మెప్పు కోసం తీసినవి కావు. మధ్యలోవి తీసేసి, మొదటిది, చివరిది ఉంచుకుంటే చాలు. ముక్కు ఎలా ఉంది, రంగు ఎలా ఉంది అన్నవి మన పట్టికలో లేవు, వాటిని రాయవద్దు.

ఒక్కరికి మాత్రం చివరి వీడియో పంపిద్దాం. ఊళ్లో ఉన్న తాతయ్యకో, అమ్మమ్మకో, పెదనాన్నకో. ‘ఏ మాట సరిగా లేదో చెప్పండి’ అని అడుగుదాం. వాళ్లు ఒక మాట దిద్దుతారు, ఇంకో కబురు చెబుతారు, మనం జవాబు చెబుతాం. ఆ జవాబు ఈసారి రెండు ముక్కలతో ఆగదు.

అభ్యాసం

1. ఈ జంటలను వాక్యాల్లో వాడి, వీడియో తీసి వినండి: నెల–నేల, వెల–వేల, కల–కళ, గడి–గడ్డి.

2. సాధన పేరాలో పళ్ల దగ్గర పలికే ‘చ’ ఉన్న పదాలు ఎన్ని ఉన్నాయి? వెతికి గీత గీయండి.

3. మన గొంతు వీడియోలో వేరుగా ఎందుకు వినిపిస్తుందో మీ తమ్ముడికో చెల్లెలికో తెలుగులో వివరించండి.

4. ఇప్పుడు మీరున్న ఊరి గురించి, అక్కడి తిండి, వాతావరణం, భాష గురించి ఒక నిమిషం తెలుగులో మాట్లాడి వీడియో తీయండి. వచ్చే బదిలీ నాటికి దాన్ని దాచండి. కొత్త ఊళ్లో అదే ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పి, రెండూ పక్కపక్కన చూడండి.